మఖమలు ఆకుల మొక్క

కిటికీ యొద్ద తొట్టిలో పెంచదగిన మొక్కలలో పాండా మొక్క యొకటి. ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు బేకరు 1882లో దీనికి కలాంచో టొమెంటోసా యని పేరిడెను. జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. మన పెరళ్లలోని రణపాల దీనికి దగ్గరి చుట్టము. అదియు నా ద్వీపమునుండి వచ్చినదే.

దళసరి యాకులపై వెండివన్నె నూగును, అంచులందు గోధుమరంగు మచ్చలును గలవు. ఈ నూగు అలంకారమునకు మాత్రమే కాదు. అది యెండ తీవ్రతను తగ్గించి ఆకులోని తేమను కాపాడును. మరియు నీ మొక్క పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహించును. ఇట్లు నీటిని పొదుపు చేయుదానికి దినదినము నీరు పోసినచో వేళ్లు కుళ్లి మొక్క చచ్చును. దాహముచేత గాక, పెంచువారి ప్రేమచేతనే యిది తరచుగా నశించుచున్నది!

కావున అడుగున రంధ్రముగల మట్టితొట్టిలో మన్నును ఇసుకను సమముగా కలిపి నాటవలెను. మన్ను పూర్తిగా ఎండినపిదపనే నీరు పోయవలెను. ఆకులపై చల్లరాదు. ఉదయపుటెండ మేలు, వేసవి మధ్యాహ్నపుటెండ తగదు. ఆకును త్రుంచి, గాయమును 3, 4 దినములు ఆరనిచ్చి, ఇసుకమన్నుపై నుంచినచో క్రొత్త మొక్క పుట్టును. ఇది విషము గలది గనుక మేకలకును పిల్లులకును అందనీయరాదు.

బాలబాలికలారా! నీరు పోయుటకు ముందు మన్నులో వ్రేలు గ్రుచ్చి చూడుడు. తడి తగిలెనేని చెంబును దింపుడు. పోయకుండుటయు నొక సంరక్షణయే.