సెల్‌ఫోనులో అంగడి

బంగినపల్లి మామిడి మనకు ఏప్రిలు మొదలు జూను వఱకు వచ్చును. కాయ కోసిన పిమ్మట కొనువారిని వెదకు రైతు దళారి చెప్పిన వెలకే ఇచ్చివేయవలసి వచ్చును. ఏలయన పండు నిలువ యుండదు. కొనువారిని ముందే కూర్చుకొనుట యెట్లని సంఘసభ్యులు పలువురు మమ్ము నడుగుచున్నారు. పట్టణములందలి గృహస్థులకు నేరుగా అమ్ముటకు సెల్‌ఫోనులోని ఉచిత యాపులు కొంతవఱకు సాయపడును. అది యెంతవఱకో యిచ్చట వ్రాయుచున్నాము.

2018లో వెలువడిన వాట్సాప్ బిజినెస్ చిన్న వ్యాపారుల కొఱకు చేయబడిన యాపు. దీనిని ఫోనులో పెట్టుకొనుటకు రుసుము లేదు. ఇందు తోట పేరు, ఊరు, పని వేళలు వ్రాసికొనవచ్చును. కేటలాగు అను భాగమున సరకుయొక్క ఫోటోను, వెలను ఉంచవచ్చును. ఫోటో మన తోటలోనిదే కావలయును. పరుల ఫోటో పెట్టినచో కొనువాడు పెట్టె విప్పినప్పుడే మన పరువు పోవును. వెల కిలోకా, డజనుకా, పెట్టెకా యన్నదియు, రవాణా ఖర్చు ఎవరిదన్నదియు విస్పష్టముగా నుండవలయును. కార్బైడుతో మాగవేయుట 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలచే నిషిద్ధము గనుక, గడ్డిలో మాగవేసినచో ఆ మాట కూడ వ్రాయుడు.

ఇందొక మెలిక కలదు. పెక్కుమందికి ఒకేసారి వార్త పంపుటకు బ్రాడ్‌కాస్టు లిస్టు అను సదుపాయ మున్నది. ఒక్కొక్క లిస్టులో 256 మందిని చేర్చవచ్చును. అయితే ఎవరు మన నంబరును తమ ఫోనులో సేవు చేసికొనిరో వారికే ఆ వార్త చేరును, తక్కినవారికి చేరదు. ఈ సంగతి యెఱుగక వందల నంబర్లు ప్రోగుచేసి, జవాబు రాలేదని యాపును నిందించువారు కలరు. కావున పండు అమ్మి డబ్బు పుచ్చుకొను వేళనే, "మా నంబరు సేవు చేసికొనుడు" అని అడుగవలయును. పెట్టెపై నంబరు అచ్చువేసిన చీటీ అంటించుట మఱియు మంచిది. ఒకసారి తిని మెచ్చిన 50 ఇండ్లవారు మరుసటి కాపునకు కూడ మనవారే.

ప్రతి ఉదయము పూలబొమ్మలతో శుభోదయములు పంపుట మాత్రము మానుడు. విసిగినవాడు నంబరును బ్లాకు చేయును. కోత దినము, వెల, పంపు దినము తెలిపిన చాలును. తోట ముచ్చట్లు స్టేటస్‌లో పెట్టవచ్చును. 24 గంటలలో నవి తామే తొలగిపోవును.

డబ్బు విషయమున జాగ్రత్త వలయును. 2016లో యూపీఐ వచ్చిన పిదప చెల్లింపు సులువైనది, మోసమును పెరిగినది. ముఖ మెఱుగనివాడు 50 పెట్టెలు కావలెనని, బయానా పంపుటకై తన క్యూఆర్ కోడు స్కాను చేసి పిన్ను కొట్టుమనును. కొట్టితిమా, మన ఖాతాలోని సొమ్మే పోవును. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు. చెల్లించితి నని వాడు పంపిన ఫోటోను నమ్మక, మన ఖాతాలో సొమ్ము పడినదా యని చూచియే పెట్టె పంపవలయును.

మందు కొట్టుచున్న రైతు ఫోనుకు జవాబీయజాలడు. ఈ యాపునందు ఒకే నంబరును మఱి నాలుగు పరికరములకు కలుపవచ్చును గనుక, సంఘము పేర నొక నంబరు తీసికొని, గుమాస్తాయు ఇద్దరు ముగ్గురు సభ్యులును వంతులవారీగా చూచుకొనవచ్చును. ఒక తోటలో కాయ అయిపోయినను మఱియొక తోటనుండి పంపవచ్చును. ఏ పెట్టె ఎవరి తోటదో చీటీపై వ్రాయుట మాత్రము మఱువరాదు.