3.4 ఇంట్లో కూర్చుకునే కంప్యూటర్: పొదుపుగా విడిభాగాల ఎంపిక

విడిభాగాలు కొనేముందు, కంప్యూటర్‌తో మీరు చేయబోయే పనులను రాసుకోండి. ఖర్చును ఆ జాబితాయే నిర్ణయించాలి.

ప్రాసెసర్: పాఠాల వీడియోలు చూడటానికి, అసైన్‌మెంట్లు టైప్ చేయడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ప్రాసెసర్ చాలు. ఉదాహరణకు, ఏఎండీ రైజెన్ 5 5600జీ. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. అది చవకగా దొరికినా, కార్డు కొనక తప్పదు.

మదర్‌బోర్డు: ప్రాసెసర్‌కు సరిపడే సాకెట్ ఉండాలి. 5600జీకి ఏఎం4 సాకెట్, డీడీఆర్4 మెమరీ కావాలి. డీడీఆర్5 ఆ స్లాటులో పట్టదు.

మెమరీ: 16 జీబీ కావాలంటే రెండు 8 జీబీ ర్యామ్‌లు తీసుకోండి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ మెమరీనే వాడుకుంటుంది కాబట్టి, రెండు చానళ్లు ఉంటే వేగం పెరుగుతుంది.

స్టోరేజి: ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎస్ఎస్‌డీ తీసుకోండి. హార్డ్ డిస్కు తర్వాత చేర్చుకోవచ్చు.

పవర్ సప్లై: ఇక్కడ మాత్రం పొదుపు వద్దు. నాసిరకం పవర్ సప్లై చెడిపోతే మిగతా భాగాలనూ పాడుచేయవచ్చు. పాత మానిటర్, కీబోర్డు, క్యాబినెట్ వాడుకుని ఆ డబ్బును దీనికి మళ్లించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
‘ఎఫ్’ రకం ప్రాసెసర్ ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం?