కాటర్ పిన్ను

కాటర్ పిన్ను అనగా సైకిలు పెడలును మోసే క్రాంకును ఇరుసుకు బిగించి ఉంచే ఉక్కు చీల. పాతకాలపు సైకిళ్ళలో ఇది సర్వసాధారణం. బ్రిటిషు సైకిళ్ళలో దీని వ్యాసం సాధారణంగా 9.5 మి.మీ.

నిర్మాణం

చీలకు ఒక పక్క ఏటవాలుగా చదును చేయబడి ఉంటుంది. ఈ చదును ఇరుసుపైనున్న గాడిలో ఇరుక్కుంటుంది. సన్నని చివర మరలకు వాషరు, నట్టు బిగిస్తారు. ఏళ్ళ తరబడి తేమ చేరినచో తుప్పుపట్టి చీల, క్రాంకు అతుక్కుపోతాయి.

విడదీయు విధానం

ముందుగా తుప్పును వదులుచేసే నూనె వేసి ఒక రాత్రి ఉంచవలెను. నట్టును మరల కొనకు సమంగా వచ్చే వరకు వదులు చేసినచో దెబ్బకు మరలు చెడవు. చీల తల కిందికి ఉండేటట్లు క్రాంకును తిప్పి, దాని అడుగున ఒక ఇనుప గొట్టాన్ని నేలపై నిలబెట్టి ఆనించవలెను. చీల ఆ గొట్టంలోకి దిగుతుంది. ఈ ఆధారం లేకుండా కొట్టినచో దెబ్బ ఇరుసు గుండా బాల్ బేరింగులకు చేరి, కప్పులలో గుంటలు పడవచ్చును. అనేక చిన్న దెబ్బల వలన చీల కొన ఉబ్బి మరింత బిగుసుకుంటుంది. బరువైన సుత్తితో నిటారుగా వేసే ఒక గట్టి దెబ్బ మేలు. అప్పటికీ రానిచో చీలను డ్రిల్లుతో తొలచి తీస్తారు. చీల పాడైనా కొత్తది వేయవచ్చును. పాత సైకిలుకు సరిపడే ఇరుసు, క్రాంకు దొరకడం కష్టం.

తిరిగి బిగించుట

రెండు వైపుల చీలలను పరస్పరం వ్యతిరేక దిశలలో దూర్చవలెను. లేనిచో క్రాంకులు ఒకే సరళరేఖలో ఉండవు. చీలను సుత్తితో లోనికి దింపిన తరువాతనే నట్టు బిగించవలెను.