పక్షి నమూనా – లేబుల్ విలువ

మీరు కార్ఖానాలో ఉన్నా, మరే ఊళ్లో ఉన్నా పికిలిపిట్టను చూసే ఉంటారు. నల్లని తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ దాని గుర్తులు. మ్యూజియం సొరుగులో ఇదే పక్షి వెల్లకిలా, కళ్ల స్థానంలో దూదితో, కాలికి కట్టిన లేబుల్‌తో కనిపిస్తుంది. చెట్టు మీద పాడే పక్షి ఉండగా, ఈ ఎండిన పక్షితో పనేమిటి?

తయారీ: పక్షి పొట్ట దగ్గర కోసి మాంసాన్ని, లోపలి అవయవాలను తీసివేస్తారు. పుర్రె, ముక్కు, రెక్కల ఎముకలు, కాళ్లు ఉంచి, దూది నింపి, కుట్టి ఆరబెడతారు. పురుగు పట్టకుండా పూర్వం ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. అందువల్ల పాత నమూనాలను తొడుగులు లేకుండా తాకరాదు.

లేబుల్: దీని మీద సేకరించిన స్థలం, తేదీ, లింగం, సేకర్త పేరు ఉండాలి. పికిలిపిట్టల్లో ఆడ, మగ ఒకే రకంగా కనిపిస్తాయి. కోసినప్పుడు బీజకోశాలను చూసి రాయకపోతే లింగం తెలుసుకోవడం కష్టం. కంటి రంగు కూడా అంతే.

మన ప్రాంతపు ఉదాహరణ చూడండి. నిజాం రాజ్యంలోని పక్షులను 1931–32లో సలీం అలీ సర్వే చేశారు. ఆయన సేకరించిన నమూనాలను హ్యూ విస్లర్ పరిశీలించి వ్యాఖ్యలు రాశారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ నివేదిక భాగాలుగా అచ్చయింది. విస్లర్‌కు ఆ పక్షి ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పగలిగింది లేబుల్ మాత్రమే.

కొత్త ప్రశ్నలు: సేకరించినవారు ఊహించని ప్రశ్నలకు కూడా నమూనా జవాబిస్తుంది. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 135 ఏళ్ల కాలంలో సేకరించిన వెయ్యికి పైగా పక్షి నమూనాల ఈకలపై మసిని కొలిచి, 2017లో ఫలితాలు ప్రకటించారు. పక్షులు ఏటా ఈకలు మార్చుకుంటాయి. కాబట్టి ఈకల మీది మసి ఆ ఏటి గాలిదే. బొగ్గు ఎక్కువగా కాల్చిన కాలపు పక్షులు నల్లగా ఉన్నాయి. తేదీ లేని పక్షి ఈ లెక్కకు పనికిరాదు.

మన బాధ్యత: నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా అడవి పక్షులను పట్టడం, చంపడం నేరం. అనుమతి దొరికినా 1931 నాటి పక్షి మళ్లీ దొరకదు. మీ కళాశాల ప్రయోగశాలలో పాత నమూనాలుంటే, ముందుగా లేబుళ్లను చదివి నోటుపుస్తకంలో నకలు రాయండి. చీటీ ఊడిపోతే, ఒక ప్రాణం తీసి సంపాదించిన సాక్ష్యం వట్టి ఈకల కట్టగా మిగులుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. పికిలిపిట్ట లింగాన్ని లేబుల్ మీద ఎందుకు రాయాలి?
2. ఈకల మీది మసి ఏ సంవత్సరపు గాలిని తెలుపుతుంది? ఎందుకు?