ద్వీపాంతర శిక్ష పోయింది, ద్వీపాంతర వ్యామోహం మిగిలింది

ఢిల్లీ సచివాలయాలలోని పాతకాపులు నవ్వుతూ చెప్పుకొనే మాట ఒకటున్నది. పూర్వం పై అధికారికి కింది ఉద్యోగిమీద ఆగ్రహం కలిగితే అతనికి అండమాన్ బదిలీ వచ్చేదట. మన పల్లెలలో శంకరగిరి మాన్యాలు పట్టించడం అంటారే, దానికి ఢిల్లీ పర్యాయపదం పోర్ట్ బ్లెయిర్ అన్నమాట.

ఆ రోజులు పోయినవి. ఇప్పుడు అవే కార్యాలయాలలో ఉద్యోగులు అండమాన్ పోవడానికి సెలవులు దాచుకుంటున్నారు. సొంత ఊరికి పోయి రావడానికి ఇచ్చే ప్రయాణ రాయితీకి మారుగా అండమాన్ యాత్ర చేయవచ్చునని కేంద్ర ప్రభుత్వం కొన్నేళ్ళుగా సడలింపు ఇస్తూ, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తున్నది. సొంత ఊరికి మారుగా అండమాన్! ఆ ఉత్తర్వు రాసిన గుమాస్తా ఎరిగి రాశాడో, ఎరుగక రాశాడో గాని, ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర తలకిందులైన వైనమంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది.

పట్నం పేరు కూడా మారింది. ఈస్టిండియా కంపెనీ నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరిట ఉన్న ఈ రేవు పట్నాన్ని ఇకపై శ్రీ విజయపురం అని పిలుస్తామని హోం మంత్రి శ్రీ అమిత్ షా 2024 సెప్టెంబరు 13న ప్రకటించారు. తెలుగు చెవికి అది శ్రీకాకుళం జిల్లాలో ఏదో ఒక ఊరి పేరులాగే వినబడుతుంది. నాకు రెండు పేర్లతోనూ పేచీ లేదు గనుక పాత సంగతులకు పాత పేరు, కొత్త సంగతులకు కొత్త పేరు వాడుకుంటాను.

ఈ దీవులన్నింటి జనాభా 2011 లెక్కల ప్రకారం 3,80,581. కోవిడ్‌కు ముందటి సంవత్సరాలలో ఏటా వచ్చిన యాత్రికుల సంఖ్య సుమారు 5 లక్షలు. ఇంటివారికంటె చుట్టాలు ఎక్కువైన ఇల్లు అది. ఒకసారి వచ్చి చూసి పోయేవారి సంగతి సరే. మళ్ళీ మళ్ళీ వచ్చేవారు ఎందుకు వస్తున్నారు? సముద్రమే కారణమైతే మనకు భీమునిపట్నం చాలదా? నేను ఆ పట్నానికి మొదటిసారి పోయినది వార్తల పనిమీద. తరువాత పోయినవన్నీ పని కల్పించుకొని పోయినవే. కాబట్టి ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన బాధ్యత నాకూ ఉన్నది.

మొదట తిరిగి వచ్చినవారు

బ్లెయిర్ 1789లో వేసిన వలస నిలవలేదు. రోగాలకు తాళలేక 1796లో దానిని ఎత్తివేశారు. 1857 తిరుగుబాటు అణిగిన తరువాత, 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో డాక్టర్ వాకర్ ఇక్కడ దిగినప్పటినుంచి ఈ రేవుకు ఒకే ఒక వృత్తి ఏర్పడింది. మనుషులను తిరిగి పోకుండా ఉంచడం. ద్వీపాంతరవాస శిక్ష అన్న మాట మన భాషలోకి వచ్చినది అలాగే. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం, పోయినవాడు రాడన్న భయం రెండూ కలిసి దానికి కాలాపానీ అన్న పేరు తెచ్చినవి. 1896లో మొదలై 1906లో ముగిసిన సెల్యులర్ జైలుకు 7 విభాగాలు, దాదాపు 700 ఒంటరి కొట్లు. ఒక కొట్టులోనివానికి మరొక కొట్టులోనివాని ముఖం కనబడకుండా కట్టిన కట్టడమది.

అక్కడికి మనవారు కూడా పోయినారు. 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడిన కొండవారిని అండమాన్‌కు పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర 1923లో పట్టుబడి ద్వీపాంతరం పోయినాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా ఆ జైలు కూడు తిన్నవాడే. వీరిలో మల్లుదొర కథ ఢిల్లీ విలేఖరులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. 1952లో మొదటి లోక్‌సభకు ఆయన విశాఖపట్నం నుంచి ఎన్నికైనాడు. తిరిగి రావద్దని సముద్రం దాటించిన మన్యం మనిషి, ఆ శిక్ష వేసిన ప్రభుత్వం కట్టుకొన్న పార్లమెంటు భవనంలోనే సభ్యుడుగా కూర్చున్నాడు.

నిరాహార దీక్షల తరువాత, 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూమికి చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చింది. జైలు గోడలను కూల్చి ఆ ఆవరణలో ఆసుపత్రి కట్టసాగారు. అప్పుడు అడ్డుపడినవారెవరు? అందులో మగ్గినవారే. మాజీ రాజకీయ ఖైదీలు సంఘంగా ఏర్పడి, దానిని కూల్చవద్దని ఢిల్లీకి విజ్ఞప్తులు చేశారు; ముసలితనంలో ఓడలెక్కి వచ్చి తమ కొట్లను తాము చూసుకొన్నారు. చివరకు మిగిలిన 3 విభాగాలను 1979 ఫిబ్రవరి 11న ప్రధాని మొరార్జీ దేశాయి జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ఈ పట్నానికి ఇష్టపడి తిరిగి వచ్చిన తొలి యాత్రికులు వారే అని నా అభిప్రాయం. నేడు జైలు గోపురంలో చలువరాళ్ళమీద రాష్ట్రాలవారీగా చెక్కిన పేర్ల ముందు నిలబడి బెంగాలీ తన తాత పేరు వెదుకుతాడు, పంజాబీ తన జిల్లా పేరు వెదుకుతాడు. హారియట్ కొండకు 2021లో మణిపూర్ కొండ అని పేరు పెట్టినదీ 1891 నాటి మణిపురి ఖైదీల స్మృతికే. దేశంలో ఇన్ని ప్రాంతాలవారు తమవారికోసం వచ్చే ఊరు కాశీ తరువాత ఇదేనేమో.

అందరూ పరాయివారైన ఊరు

అయితే స్మారకం చూడడానికి ఒకసారి వస్తే చాలును. రెండవసారి రప్పించేది ఆ ఊరి మనుషులు.

సత్ప్రవర్తన చూపిన ఖైదీకి ఆ కాలంలో టిక్కెట్టు ఇచ్చి, కాస్త భూమి ఇచ్చి, సొంత కష్టంమీద బతకనిచ్చేవారు. ఆడఖైదీలలోనుంచి పెళ్ళాడడానికి అనుమతి ఉండేది. వరుని శాఖ, వధువు గోత్రం అడిగే పెద్దలు ఎవరూ ఆ దీవిలో లేరు. అలా ఏర్పడిన కుటుంబాల సంతతిని నేటికీ లోకల్ బోర్న్ అంటారు. పఠానుకు, మరాఠీవానికి, తెలుగువానికి మధ్య వాడుక భాషగా హిందూస్థానీ నిలబడింది. తరువాత మలబారు మాపిళ్ళలు వచ్చారు, బర్మా కరెన్‌లు వచ్చారు, ఛోటానాగపూర్ నుంచి అడవి పనికి రాంచీ కూలీలు వచ్చారు. 1949 నుంచి తూర్పు బెంగాలు కాందిశీకులకు అక్కడ భూములిచ్చారు.

కులం పూర్తిగా మాసిపోయిందని నేను చెప్పబోవడం లేదు. అయినా అబర్డీన్ బజారులో గడియార స్తంభం దగ్గర నిలబడి చూడండి. దుర్గాపూజకు, ఈదుకు, క్రిస్మస్‌కు, మన సంక్రాంతికి అదే జనం. ఢిల్లీలో అద్దెయిల్లు అడిగితే ముందు ఏ రాష్ట్రమంటారు, తరువాత ఏమి తింటారంటారు. ఇక్కడ ఆ రెండు ప్రశ్నలు అడగగల అధికారం ఎవరికీ లేదు, అడిగేవాని తాత కూడా ఓడ దిగినవాడే గనుక. పరాయివానికి ఊరు అలవాటు కావడానికి ఏళ్ళు పట్టే మన దేశంలో, రెండు రోజులలో అలవాటయ్యే ఊరు ఇది. మళ్ళీ మళ్ళీ వచ్చేవారిని లాగేది ప్రధానంగా ఈ గుణమేనని నేను నమ్ముతున్నాను.

ఊరికి ఇతర ఆకర్షణలూ లేకపోలేదు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటె ముందు లేస్తాడు. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది; దానితో ఊరి హడావిడి కూడా సద్దుమణుగుతుంది. 1883 నాటి ఛాథం కోతమిల్లు, ఎదురుగా ఒకనాటి ఆంగ్లేయుల పాలనకేంద్రమై నేడు మర్రి ఊడల చేతిలో చిక్కిన రాస్ దీవి, చిడియా టాపు దగ్గర సూర్యాస్తమయం, ఇవన్నీ యాత్రా పుస్తకాలు చెప్పేవే గనుక వదలివేస్తున్నాను.

మనవారి రాకపోకలు

తెలుగు పాఠకులు ఎరగవలసినది మరొకటున్నది. 2011 లెక్కలలో ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. అంటే సుమారు 50 వేలు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం మనదే. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం, రెండు రోజులకు పైబడిన ఓడ ప్రయాణం. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వచ్చినవారే వీరిలో అధికులు. కొందరు వలలతో వచ్చారు, కొందరు తాపీలతో వచ్చారు. జంగ్లీఘాట్ రేవులో తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు పోతే కళింగాంధ్ర యాసలో బేరాలు వినబడతాయి.

నేను ఆ రేవులో పలకరించిన మత్స్యకారులలో చాలామంది వరుస ఒకటే. ఒక్క ఏడాది ఉండి అప్పు తీర్చుకొని పోదామని వచ్చినవారే. అప్పు తీరింది, పోయినారు, సోంపేట వైపు ఇల్లు కట్టుకొన్నారు, మళ్ళీ ఓడెక్కారు. ఎందుకు వచ్చారంటే చేపలు ఉన్నవని మొదట అంటారు. కాసేపు కూర్చుంటే అసలు సంగతి చెబుతారు. అక్కడ ఎవరో ఒకరి కింద బతకాలి, ఇక్కడ ఆ గొడవ లేదని. యాత్రికునికి రెండు రోజులలో కలిగే అనుభూతికి, ఈ మనిషి పదిహేనేళ్ళ అనుభవానికి మూలం ఒకటే కావడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఆ జనసంఖ్యకు రాజకీయ ఫలితం కూడా ఉన్నది. 2022లో పోర్ట్ బ్లెయిర్ పురపాలక సంఘపు 24 స్థానాలకు జరిగిన ఎన్నికలలో కాంగ్రెసుకు 10, భారతీయ జనతా పార్టీకి 10 రాగా, తెలుగుదేశం 2 గెలుచుకొన్నది. 2023 మార్చిలో భాజపా మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలే అధ్యక్షపీఠం ఎక్కారు. హైదరాబాదులో పుట్టిన పార్టీ బంగాళాఖాతం నడుమ ఒక పట్నాన్ని ఏలిందన్న వార్తకు మన పత్రికలలో రావలసినంత చోటు రాలేదు.

ఇష్టపడేవారు చేసే చేటు

ఇక చేదు మాట. ఒక ఊరిని ఇష్టపడేవారు ఎక్కువైతే ఊరికి మేలే జరుగుతుందన్న హామీ లేదు. 2023 జులైలో సుమారు 710 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన కొత్త విమానాశ్రయ భవనాన్ని ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించారు. కాని ఊరికి తాగునీరిచ్చే ధనిఖరి జలాశయం వేసవిలో అడుగంటితే కుళాయిలకు రోజులు తప్పించి నీరు వదలవలసి వస్తున్నది. హోటలులో దిగిన చుట్టానికి స్నానానికి లోటు ఉండదు. ఇంటివాడు బిందె పట్టుకొని నిలబడతాడు.

అంతకంటె పెద్ద సంగతి జరవాలది. వారి అడవిని చీల్చుకుంటూ పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును ఆ మేరకు మూసివేయవలసిందని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. ఏళ్ళు గడిచినా బండ్లు బారులుతీరి పోతూనే వచ్చాయి. 2012లో జరవా స్త్రీలచేత యాత్రికులకోసం ఆడించిన దృశ్యాలు బయటపడినప్పుడు దేశం తలవంచుకొన్నది. గుహలు చూడబోయే పేరిట మనుషులను చూడబోవడం యాత్ర అనిపించుకోదు.

ఇప్పుడు అందరి దృష్టీ దక్షిణాన గ్రేట్ నికోబార్ మీద ఉన్నది. సుమారు 8 వేల జనాభాగల ఆ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్నం కట్టడానికి మొదట వేసిన అంచనా 72,000 కోట్ల రూపాయలు. ఇందుకై సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని వదులుకోవడానికి 2022లో అనుమతి లభించింది. మొదట ఒప్పుకొన్న గిరిజన మండలి అదే సంవత్సరం నవంబరులో తన సమ్మతిని ఉపసంహరించుకొన్నది. దేశరక్షణ అవసరాలను కాదనేవారెవరూ లేరు. షోంపెన్‌లు, నికోబారీలు ఏమంటున్నారన్నది కూడా వినదగిన మాటే కదా.

వినేవారెవరన్నదే చిక్కు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. లోక్‌సభకు ఒకే ఒక సభ్యుడు; ఆ సభ్యుని కూడా 1967 వరకు ఎన్నుకొనే భాగ్యం ప్రజలకు లేదు, రాష్ట్రపతి నామకరణం చేసేవారు. దీవుల తలరాత ఢిల్లీలో ఫైళ్ళమీద రాయబడుతుంది. అక్కడికి సెలవులలో పోయి, ఆ నీలి నీరు చూసి మురిసి, మళ్ళీ పోవాలని కోరుకొనేవారే తిరిగి వచ్చి ఆ ఫైళ్ళమీద సంతకాలు చేస్తారు. ఇష్టానికి లోటు లేదు. ఇంటివారిని అడగాలన్న మర్యాదకే లోటు.

రెండు తెలుగు రాష్ట్రాలనుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. అండమాన్‌లోని 50 వేల తెలుగువారు వీరిలో ఎవరికీ ఓటర్లు కారు గనుక వారి ఊసు ఎవరికీ పట్టదు. విశాఖ నుంచి పోయే ఓడలు చెన్నై, కోల్‌కతా ఓడలతో పోలిస్తే ఎందుకు తక్కువో, అక్కడి ప్రజలకు తమ సంగతి తాము నిర్ణయించుకొనే సభ ఎప్పుడు వస్తుందో ప్రశ్నోత్తరాల సమయంలో అడగడానికి నియోజకవర్గం అడ్డు రాదు. విశాఖ పేరుతో 1952లో ఆ సభలో కూర్చున్నవాడు అండమాన్ ఖైదీ అన్న సంగతి గుర్తుంటే, మొదటి ప్రశ్న విశాఖ సభ్యుని నుంచే రావడం న్యాయం.