పురుగుమందు: జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది?

సరిహద్దు గ్రామాల పట్టు రైతు సోదరులకు,

2017లో మన పక్క జిల్లా యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఈ సంగతి మన ఊళ్లలో అందరూ విన్నదే. అయినా మూతికి గుడ్డ కట్టకుండా పిచికారీ చేసేవారు ఇంకా ఉన్నారు. విషమని తెలిసినంత మాత్రాన జాగ్రత్త రాదు. తెలుగు మాత్రమే చదవగలిగిన వారికి డబ్బాపై మరాఠీ అక్షరాలు అక్కరకు రావు, దుకాణదారు చెప్పిందే మోతాదు. ఎండలో మాస్కు ఊపిరాడనివ్వదు. పంపుకింత అని కూలి మాట్లాడుకున్న మనిషికి తొందర.

పట్టు రైతుకు మాత్రం నష్టం వెంటనే కంటికి కనబడుతుంది. పత్తి పురుగును చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది. మందు పడిన ఆకు తిన్న పురుగు తల ఊపుతూ, రసం కక్కి, ఒళ్లు కుంచించుకుపోయి చస్తుంది. ఒకసారి ఇది చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే మన జాగ్రత్త ఒక్కటే చాలదు, పక్క చేను కూడా చూసుకోవాలి. దసలి పురుగులు మద్దిచెట్లపై ఆరుబయటే పెరుగుతాయి. పత్తికి మందు కొట్టేదీ ఆ రోజుల్లోనే. పిచికారీ సంగతి ముందురోజే చెప్పమని పక్క రైతును అడగండి. మల్బరీ అయితే ఆకు ముందే కోసి పెట్టుకోవచ్చు.

డబ్బాపై రంగు గుర్తు చదువు రానివారికీ తెలుస్తుంది: ఎరుపు అతి తీవ్ర విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఈ లెక్క మనిషికి కలిగే హానిని బట్టి వేసినది. ఆకుపచ్చ గుర్తు ఉన్నంత మాత్రాన పట్టుపురుగుకు క్షేమమని అనుకోవద్దు.

పూర్వం మల్బరీపై వాడిన నువాన్, అంటే డైక్లోర్‌వాస్, 2020 చివరితో దేశంలో నిషేధింపబడింది. ఎవరిచ్చినా తీసుకోవద్దు.