కాకినాడ వర్తకులకు హార్వర్డ్ పాఠం

వ్యాపారం రక్తంలో ఉండాలంటారు. తాత కొట్టు పెడితే తండ్రి నడిపాడు, ఆపైన కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. మిగతా వాళ్లకు అది అబ్బదు అన్న మాట గోదావరి జిల్లాల్లో విననివారుండరు. అందులో నిజమెంతో తేల్చడానికి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు కాకినాడనే ఎంచుకున్నారు. 1964లో మొదలైన ఆ ప్రయత్నం ‘కాకినాడ ప్రయోగం’ పేరుతో మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలకెక్కింది. కాకినాడ అంటే కాజా గుర్తొచ్చినంత త్వరగా ఈ సంగతి గుర్తుకు రాదు, అంతే!

ఆ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. 1941లో యేల్‌లో డాక్టరేటు పొంది, 1956లో హార్వర్డ్‌లో చేరారు. ఆయన వాణిజ్యశాస్త్రం చదివినవారు కారు, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. అయినా పారిశ్రామికవేత్తల శిక్షణ గురించి మాట్లాడేవారెవరూ ఆయన పేరు ఎత్తకుండా ఉండలేరు.

ఆయన పరీక్ష విచిత్రంగా ఉండేది. ఒక బొమ్మ చూపి, దాని మీద కథ రాయమనేవారు. పనిని ఇంకా బాగా చేయాలన్న తపన ఆ కథలో ఎన్నిసార్లు తొంగిచూసిందో లెక్కకట్టేవారు. మరొకటి రింగులాట. మేకుకు రింగు వేయాలి, ఎంత దూరంలో నిలబడాలో ఆడేవారి ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి వేస్తారు. తప్పడమంటూ ఉండదు, గెలిచిన సంతోషమూ ఉండదు. కొందరు గది చివరి నుంచి విసిరి అదృష్టానికి వదిలేస్తారు. సాధించాలన్న పట్టుదల ఉన్నవారు మాత్రం కష్టమే గాని అసాధ్యం కాని దూరం చూసుకుని నిలబడతారు. వ్యాపారి లక్షణం ఇదేనని మెక్లెలాండ్ వాదన. జూదరికీ వ్యాపారికీ తేడా ఇంతకంటె తేలికగా చెప్పడం కష్టం.

దేశదేశాల పిల్లల వాచకాల్లోని కథలను ఇలాగే తూచి, ఆయా దేశాల ఆర్థికాభివృద్ధితో పోల్చి, 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథం వెలువరించారు. అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ తపన చిన్ననాడే పడాలా, పెద్దయ్యాక కూడా నేర్పవచ్చునా?

జవాబు కోసం హైదరాబాదు యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’ తోడ్పాటు తీసుకున్నారు. కాకినాడ నుంచి 52 మంది అక్కడికి వెళ్లారు. శిక్షణ సుమారు పది రోజులు. అప్పులిప్పించే పథకం కాదది. తాము రాసిన కథలను తామే దిద్దుకోవడం, ఆటలాడటం, తమ బలాబలాలు నిర్మొహమాటంగా చర్చించుకోవడం, రాబోయే రెండేళ్లలో ఏం చేస్తారో కాగితం మీద పెట్టడం ఇవే పాఠాలు. తమిళనాడులోని వేలూరు వారికీ ఇదే శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి శిక్షణ లేని వర్తకులను, రాజమండ్రి వారితో సహా, లెక్కలోకి తీసుకున్నారు.

రెండేళ్ల తర్వాత చూస్తే, శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది వ్యాపారాన్ని పెంచడమో కొత్తది మొదలుపెట్టడమో చేశారు. పొందనివారిలో అలాంటివారు నాలుగోవంతే. సంప్రదాయ విశ్వాసాలు ఇందుకు అడ్డు రాలేదని కూడా తేలింది. వేషభాషలు మార్చుకుంటే తప్ప పరిశ్రమలు పెట్టలేరన్న పండితులకు ఇది చెంపపెట్టు. సహచరుడు డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్పు ప్రధానంగా కనిపించింది సంస్థలో నిర్ణయాధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే. తాళాలు తండ్రి మొలలో ఉంటే కొడుకు పట్టుదల ఏం చేస్తుంది? పది రోజులు సాటి వర్తకులతో కలిసి ఉండటంవల్ల ఏర్పడ్డ పరిచయాలు, నలుగురిలో ఎంపికయ్యామన్న గౌరవం పనిచేసి ఉండవచ్చునన్న అనుమానం కూడా కొట్టిపారేయదగింది కాదు. కథలు రాయించడం వల్ల ఎంత, కలిసి కూర్చోవడం వల్ల ఎంత అనేది వేరు చేసి చెప్పడం సులభం కాదు.

అయినా బాట పడింది. 1970లో గుజరాత్ ఇటువంటి శిక్షణ కార్యక్రమాలు చేపట్టింది. 1983లో అహ్మదాబాద్‌లో ఇందుకోసమే జాతీయ స్థాయి సంస్థ ఏర్పడింది. మెక్లెలాండ్ 1987లో హార్వర్డ్ విడిచి బోస్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1998లో మరణించేవరకు పరిశోధన సాగించారు. యూసుఫ్‌గూడ సంస్థ పేరు రెండుసార్లు మారింది. కొత్తగా పరిశ్రమ పెట్టేవారికి ఇచ్చే శిక్షణలో రింగులాట మాత్రం నేటికీ ఆడిస్తున్నారు.